ఎన్నోసారి రాఘవేందర్

రాఘవేందర్ ఏ పనినీ మూడోసారి చేత్తో చేయడు. మొదటిసారి చేస్తాడు, తెలుసుకోవాలి కాబట్టి. రెండోసారి చేస్తాడు, మొదటిసారి తెలుసుకున్నది సరైనదో కాదో చూసుకోవాలి కాబట్టి. మూడోసారి అదే పని ఎదురైతే మాత్రం చేతులు కట్టుకుని నిలబడిపోతాడు. ఆ పని దానంతట అది జరిగిపోయే ఉపాయమేదో దొరికిందాకా అతనికి అన్నం సయించదు. అందుకే ఎవరు ఏ పని చెప్పినా అతని నోట ముందుగా వచ్చే మాట ఒక్కటే: "ఇది ఎన్నోసారి?"

మారేడ్‌పల్లిలో అతను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో అందరూ అతన్ని 'ఎన్నోసారి రాఘవేందర్' అనే పిలుస్తారు. ఎదురుగా పిలిచినా ఏమీ అనుకోడు. ఆఫీసు ముందు చాయ్ బండి కిషన్ రోజూ "సార్, చక్కెర తక్కువేనా?" అని అడిగేవాడు. రెండు రోజులు జవాబు చెప్పాడు. మూడోరోజు ఆఫీసులో ఎవరికి ఎంత చక్కెరో, ఎవరికి అల్లం పడదో మొత్తం పట్టిక రాసి బండికి అతికించేశాడు. వారం తిరిగేసరికి కిషన్ దిగాలుగా ఎదురొచ్చాడు.

"సార్, మీ కాగితం మంచిగనే ఉంది. కానీ ఇప్పుడు నాతోని ఎవ్వరూ మాట్లాడుతలేరు. పేరు చూపిస్తున్నరు, గ్లాసు పట్టుకపోతున్నరు."

రాఘవేందర్ చాలా బాధపడ్డాడు. మర్నాడే పట్టిక కింద ఇంకో వరుస చేరింది: 'చాయ్ తీసుకునే ముందు కిషన్ను ఎట్లున్నవని అడగవలెను.' ఇప్పటికీ అందరూ అడుగుతున్నారు.

పెళ్లిళ్లలో చుట్టాలంతా అవే నాలుగు ప్రశ్నలు అడుగుతారని, జవాబులు ఒక కాగితం మీద అచ్చు వేయించి జేబులో పెట్టుకుని వెళ్తాడు. ఎక్కడ ఉంటున్నాం: మెట్టుగూడ. పిల్లలు: ఇద్దరు. బీపీ: లేదు. మేడ మీద గది: వచ్చే ఏడు. అత్తగారు పుష్పమ్మకు కూడా ఒక కాగితం ఇచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిరగేసి, "అల్లుడా, గిండ్ల నా బిడ్డ మంచిగున్నదా లేదా రాయనే లేదు" అంది. తర్వాతి పెళ్లికి ఆ గడి కూడా చేరింది. ఆ గడిలో ఏం రాయాలో మాత్రం ప్రతిసారీ భార్య అనుపమను అడిగే నింపుతాడు.

ఈ కథలన్నీ విని అదే ఆఫీసులో పనిచేసే లీలాకుమారి కడుపుబ్బ నవ్వేది. ఒక సోమవారం అతను కుర్చీ లాక్కుని వచ్చి తన పక్కనే కూర్చున్నప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

లీలాకుమారిది భీమవరం. భర్త ఉద్యోగం కోసం వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడింది. ఈ కంపెనీలో ఆమెకు పంతొమ్మిదేళ్లు నిండాయి. ఊళ్లో అరవై నాలుగు రక్తపరీక్షల ల్యాబులు ఈ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. పేరు రాసుకోవడం దగ్గర నుంచి రిపోర్టు చేతికివ్వడం దాకా అంతా దాని పనే. ఇక్కడివాళ్లు అందులో వారమంతా ఏదో ఒకటి మారుస్తారు. మార్చినదాన్ని అరవై నాలుగు చోట్లకూ, ఎక్కడా పని ఆగకుండా చేర్చాలి. దాన్నే రిలీజ్ అంటారు. అది ప్రతి శనివారం జరుగుతుంది, లీలాకుమారి చేతుల మీదుగా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా.

ఆమె దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. అందులో రిలీజుకు నూట నలభై మూడు మెట్లు రాసి ఉన్నాయి. అరవై ఒకటో మెట్టు: 'పాత రిపోర్టులన్నీ భద్రమయ్యాయో లేదో చూడు.' ఎనభై ఎనిమిదో మెట్టు: 'తార్నాక ల్యాబుకు ఫోను చేసి కంప్యూటరు ఆన్‌లో ఉందా అని అడుగు. ఉందంటే నమ్మకు.' ఆ పుస్తకాన్ని ఆమె తప్ప ఎవరూ ముట్టుకోరు. ముట్టుకున్నా ఎవరికీ అర్థం కాదు.

రాఘవేందర్ వచ్చి కూర్చోవడానికి ముందు శుక్రవారం, డైరెక్టర్ జయకృష్ణ అతన్ని అద్దాల గదిలోకి పిలిచాడు. తలుపు సరిగ్గా పడలేదు. బయట ప్రింటరు దగ్గర నిలబడిన లీలాకుమారికి మాటలన్నీ వినిపించాయి.

"రిలీజ్ మొత్తం మెషినే చేసెయ్యాలి. అదయ్యాక లీలాకుమారి గారికి ఇక్కడ పనేముంటుందయ్యా? మూడు నెలల్లో రిపోర్టు ఇవ్వు. అది చూసి నిర్ణయం తీసుకుంటాను."

"ఇస్త సార్" అన్నాడు రాఘవేందర్.

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. అక్కర్లేని మనిషిగా గడప దాటాల్సి వస్తుందేమోనని ఆ రోజు నుంచి ఆమెకు దిగులు పట్టుకుంది. ఎవరితోనూ అనలేదు. అతను పక్కన కూర్చుని రెండు పెన్నులు తీసినప్పుడు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు, ఆమె తన పొడుగు పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది.

"మేడం, ఇది ఎన్నోసారి?" అన్నాడు మొదటి అయిదు నిమిషాల్లోనే.

"ఏమిటండీ ఎన్నోసారి?"

"ఈ ఫైలు పేరు మార్చుడు."

"ఇవాళా, మొత్తం మీదా?"

"మొత్తం మీద."

ఆమె వేళ్ల మీద లెక్కేసింది. "మొదట్లో ఇన్ని ల్యాబులు లేవు లెండి. ఒక ముప్ఫై వేలసార్లు మార్చి ఉంటానేమో."

రాఘవేందర్ చేతిలోంచి పెన్ను జారిపోయింది. "ముప్ఫై వేలా! ఏ చేత్తోటి?"

"కుడిచేత్తోనేనండీ."

అతను లేచి నిలబడి ఆ కుడిచేతికి నిజంగానే నమస్కారం పెట్టాడు. తర్వాత కూర్చుని తన నోటుపుస్తకంలో నీలం పెన్నుతో రాసుకున్నాడు. ఎగతాళేమోనని ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎగతాళి కాదు, ఆ కళ్లలో నిజంగానే నీళ్లు తిరుగుతున్నాయి.

రోజులు గడిచేకొద్దీ ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఆమె 'వెయ్యోసారి' అన్నా 'పదోసారి' అన్నా అతను నీలం పెన్నుతోనే రాస్తాడు. 'మొదటిసారి' అంటే మాత్రం పేజీ తిప్పి, ఎర్ర పెన్ను తీసి, వివరంగా రాసుకుంటాడు. ఒకరోజు బొల్లారం ల్యాబు నుంచి బ్యూలా ఫోను చేసింది. ఆ ల్యాబులో రిపోర్టులు ఇచ్చేది ఆమే.

"మేడమ్, ఈయన పేరు పర్వతాలు. ఇంటిపేరు లేదట. ఇంటిపేరు లేకపోతే రిపోర్ట్ ప్రింట్ కానంటోంది. పాపం, పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో కూర్చున్నాడు."

"ఆ గడిలో చుక్క పెట్టమ్మా. ప్రింట్ అవుతుంది. ముందు ఆయన్ని టిఫినుకు పంపించు. ఇంటిపేరు లేనివాళ్ల సంగతి నేనిక్కడ సరిచేయిస్తాను" అంది లీలాకుమారి.

"ఇది ఎన్నోసారి, అక్కా?" అన్నాడు రాఘవేందర్. అప్పటికి మేడం పోయి అక్క వచ్చింది.

"మొదటిసారే. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు."

ఎర్ర పెన్ను బయటికొచ్చింది. బడిలో ఎర్రసిరా తప్పుల కిందే గీస్తారని ఆమెకు తెలుసు. తన తప్పులన్నీ పోగేస్తున్నాడన్నమాట అనుకుంది. ఓరకంట లెక్కపెట్టుకుంటూనే ఉంది. నెల తిరిగేసరికి పదకొండు ఎర్ర గీతలు, రెండో నెలకు ఇరవై అయిదు.

ఇంత భయంలోనూ అతను చేసే పని చూసి ఆమె ముక్కున వేలేసుకునేది. కంపెనీలో ఆరు టీములున్నాయి. రిపోర్టు మీద తేదీ వేయడానికి ఆరు టీములూ ఆరు రకాలుగా కోడ్ రాసుకున్నాయి. ఒకదాంట్లో తప్పు దొరికితే మిగతా అయిదింటి వెంటా లీలాకుమారే పడాలి. రాఘవేందర్ ఆ ఆరింటినీ అచ్చు తీసి, క్యాంటీన్లో తాడు కట్టి, క్లిప్పులు పెట్టి ఆరేశాడు. వాటి కిందే అందరూ భోజనాలు చేయాలి.

రెండో టీము దుర్గేష్ మండిపడ్డాడు. "ఇదేం పనండీ? నా కోడ్ మూడేళ్ల నుంచి నిక్షేపంలా నడుస్తోంది. నా తేదీ నాది."

"మంచిది అన్నా. ఇయ్యాల తారీకెంత?" అన్నాడు రాఘవేందర్.

"పద్నాలుగు."

"ఒకటో టీముకు?"

ఒకటో టీముకూ పద్నాలుగే. దుర్గేష్ పెరుగన్నం కలుపుకున్నాడు. నాలుగోరోజు అతనే కుర్చీ ఎక్కి అయిదు కాగితాలు తీసేశాడు. మిగిలింది ఒకటో టీముదే, తనది కాదు. ఆ ఒక్కదాన్నీ రాఘవేందర్ అందరికీ అందేచోట పెట్టాడు. దానికి 'ఉమ్మడి అర' అని పేరు పెట్టాడు. ఎవరికి కావాలన్నా అందులోంచే తీసుకోవాలి, ఎవరు సరిచేసినా అందులోనే సరిచేయాలి. ఒకరోజు పొద్దున మాధురి అనే అమ్మాయి అందులో ఒక చిన్న తప్పు దిద్దింది. లీలాకుమారి తెర మీద 'సరేనా?' అని ఒక ప్రశ్న వస్తే, మామూలుదేలే అనుకుని ఆమె 'సరే' నొక్కింది. మధ్యాహ్నానికల్లా ఆరు టీముల్లోనూ అది దానంతట అదే దిద్దుకుపోయింది. ఎవరూ ఎవరినీ బతిమాలలేదు, ఎవరూ ఎవరి వెంటా పడలేదు. లీలాకుమారి తన కుర్చీలో కూర్చుని ఆ వింతను చూస్తూ ఉండిపోయింది. అలాంటి తప్పు కోసం ఆమె ఒకప్పుడు పద్దెనిమిది రోజులు తిరిగింది.

మూడో నెలలో ఒక శనివారం తొలి పరీక్ష పెట్టారు. పొద్దున పది గంటలకు నూట నలభై మూడు మెట్లనూ మెషినే ఎక్కడం మొదలుపెట్టింది. తెర మీద ల్యాబుల పేర్లు ఒక్కొక్కటే పచ్చబడుతున్నాయి. మెట్టుగూడ పచ్చ, మల్కాజిగిరి పచ్చ, తార్నాక కూడా పచ్చే. ఎనభై ఎనిమిదో మెట్టు దగ్గర అది కంప్యూటరు ఆన్‌లో ఉందో లేదో ఎవరినీ అడక్కుండా, స్వయంగా తట్టి చూసుకుని మరీ వెళ్లింది. ఆరు నిమిషాల్లో అరవై మూడు పచ్చబడ్డాయి. లీలాకుమారి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ల శనివారాలు ఆరు నిమిషాల్లో ఆమె కళ్ల ముందే నడిచివెళ్లాయి.

అరవై నాలుగోది, బొల్లారం, ఎర్రగా నిలబడిపోయింది. వెంటనే బ్యూలా ఫోను. "మేడమ్, పాత రిపోర్టులు ఒక్కటీ కనిపించట్లేదు!"

లీలాకుమారికి లోపలెక్కడో చిటికెడు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి వెంటనే సిగ్గేసింది కూడా. చీర కొంగు దోపుకుని, పుస్తకం తెరిచి, దాచి ఉంచిన నకలు తెప్పించి, అరగంటలో బొల్లారాన్ని నిలబెట్టింది. ఒక్క రిపోర్టు కూడా పోలేదు.

మెషిన్ చేసినదాన్నీ ఆమె పుస్తకంలో ఉన్నదాన్నీ రాఘవేందర్ వరుసగా పోల్చి చూశాడు. పొల్లు పోకుండా ఒకటే. "అక్కా, పుస్తకంల లేనిది ఇంకేమన్న చేస్తరా?"

"లేదండీ. అన్నీ రాసే ఉన్నాయి."

వెనక నుంచి మాధురి నెమ్మదిగా అంది. "మేడం, ఇవాళ మీరు అగరుబత్తి వెలిగించలేదు."

అందరూ ఒక్కసారిగా మూల బల్ల మీదున్న చిన్న వెంకటేశ్వరస్వామి పటం వైపు తిరిగారు. అరవై ఒకటో మెట్టు కాగానే లీలాకుమారి స్వామికి ఒక అగరుబత్తి వెలిగిస్తుంది. అది పూర్తిగా కాలిందాకా కీబోర్డు ముట్టుకోదు. ఎన్నో ఏళ్ల కిందట ఒక శనివారం మెషిన్ మొరాయించిందనీ, మరుసటి వారం అగరుబత్తి వెలిగిస్తే సజావుగా నడిచిందనీ, అప్పటి నుంచీ ఆ ఆనవాయితీ. ఈ మూడు నెలలూ సరిగ్గా ఆ సమయానికి రాఘవేందర్ చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, చాయ్‌కి వెళ్లిపోయేవాడు.

అతను నెత్తి కొట్టుకున్నాడు. "అన్నీ లెక్కపెట్టిన. గిది ఒక్కటి పెట్టలే. పూజను లెక్కపెట్టొద్దని చిన్నప్పుడు మా అమ్మ చెప్పింది అక్కా!"

సోమవారం బ్యూలా సాయంతో బొల్లారం కంప్యూటరును విప్పి చూస్తే సంగతి తేలింది. అది అన్నింటికన్నా పాతది. పాత రిపోర్టులు భద్రం చేయమంటే 'అయిపోయింది' అని మర్యాదకు చెప్పేస్తుంది, కానీ లోలోపల ఇంకో అరగంట సర్దుకుంటూనే ఉంటుంది. ఈలోపు ఎవరైనా కదిలిస్తే మొత్తం కలగాపులగమే. రాఘవేందర్ ఒక అగరుబత్తి వెలిగించి గడియారం పట్టుకు కూర్చున్నాడు. ముప్ఫై నాలుగు నిమిషాలు.

లీలాకుమారికి కోపం వచ్చింది. "అంటే ఇన్నేళ్లూ నడిపించింది దేవుడు కాదంటారు!"

"నేనెందుకంట అక్కా? గంతసేపు ఆగుమని మీకు చెప్పింది ఎవరు మరి?" అన్నాడు రాఘవేందర్.

ఆమె మళ్లీ స్వామికి దణ్ణం పెట్టుకుంది. రాఘవేందర్ ఉమ్మడి అరలో కొత్తగా ఒకటి చేర్చాడు. అవతలి కంప్యూటరు నిజంగా పని ముగించిందాకా అది ఎవరినీ ముందుకు వెళ్లనివ్వదు. దాని పేరు 'అగరుబత్తి'. తర్వాతి శనివారం అరవై నాలుగు ల్యాబులూ నలభై నిమిషాల్లో పచ్చబడ్డాయి. అందులో ముప్ఫై నాలుగు అగరుబత్తివే. ఇప్పుడు చెన్నై ఆఫీసు వాళ్లూ, పుణె ఆఫీసు వాళ్లూ అదే వాడుతున్నారు. పుణె నుంచి ఎవరో ఫోను చేసి, ఈ అగరుబత్తి అనేది ఏ దేశం టెక్నాలజీ అని భక్తిగా అడిగారట.

అందరూ చప్పట్లు కొట్టారు, లీలాకుమారి కూడా కొట్టింది. కొడుతూనే ఆమెకు తెలుసు, ఇక తన పని అయిపోయిందని. సోమవారం రిపోర్టు మీటింగుకు వెళ్లేముందు స్వామి పటాన్ని తుడిచి తన బ్యాగులో పెట్టుకుంది.

అద్దాల గదిలో జయకృష్ణ, రాఘవేందర్ రాసుకున్న నోటుపుస్తకం తిరగేశాడు. పేజీలకు పేజీలు నీలం సిరా. "నూట నలభై మూడు మెట్లూ మెషినే చేస్తోందన్నమాట. శభాష్. అయితే ఇక లీలాకుమారి గారి విషయం..."

"సార్, జెర పేజీ తిప్పున్రి" అన్నాడు రాఘవేందర్.

తిప్పాడు. ఆ పేజీ అంతా ఎరుపు. లీలాకుమారి తల దించుకుంది.

"ఇవన్నీ ఆవిడ చేసిన తప్పులా?"

"తప్పులు కాదు సార్. మొదటిసారి వచ్చిన పనులు." రాఘవేందర్ లేచి నిలబడ్డాడు. "మెషిన్‌కు రెండోసారి నుంచే చేతనైతది. మొదటిసారి వచ్చినప్పుడు ఏం చెయ్యాల్నో ఒక మనిషి చేసి చూపియ్యాలె. ఈ మూడు నెలల్ల గసువంటివి ముప్ఫై ఏడు వచ్చినయి. ముప్ఫై ఏడూ అక్కనే చూసింది. నేను సుత పక్కన్నే కూసున్న సార్. నాకు ఒక్కటి తెల్వలే."

జయకృష్ణ ఎర్ర పేజీ చదవడం మొదలుపెట్టాడు. పర్వతాలు దగ్గర ఆగి చిన్నగా నవ్వాడు. అగరుబత్తి దగ్గర చాలాసేపు ఆగాడు. "అయితే ఏం చేద్దామంటావ్?"

"చేసేసిన సార్. ఉమ్మడి అరల ఏది మార్చాలన్నా మొదలు అక్క సరే అనాలె. మెషిన్‌కు గట్లనే రాసి పెట్టిన. ఆమె అననిది అది అడుగు కదలది."

"ఎప్పుడు పెట్టావ్?"

"అర పెట్టిన దినమే."

"నన్ను అడక్కుండానా?"

"అడిగితే మీరు వద్దంటరు సార్. నేను మళ్ల అడగాల్సొస్తది. ఒకే పని రెండుసార్లు ఎందుకని..."

జయకృష్ణ ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. పుస్తకం మూసి లీలాకుమారి వైపు జరిపాడు. "ఉంచండి మేడం. ఇక మీరే చూసుకోవాలి." ఆమె బయటికొచ్చి, ఎవరూ చూడకుండా బ్యాగులోంచి స్వామిని తీసి మూల బల్ల మీద మళ్లీ పెట్టేసింది. మూడు నెలలు తప్పులనుకున్న ఎర్రసిరా తనను కాపాడిందంటే ఆమెకు నమ్మశక్యం కాలేదు. ఇంత ప్రేమను ఇంత పొడుగు పట్టికలో దాచుకునే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

ఆ శనివారం లీలాకుమారి పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి ఇంట్లో ఉంది. ఏం చేయాలో తోచక గోంగూర కట్టలు ఆరు కొనేసింది. పదిన్నరకు ఫోను మోగింది.

"అక్కా, అరవై నాలుగూ పచ్చగున్నయి. బొల్లారం సుత. మీరేం పరేషాన్ కాకున్రి."

మరుసటి శనివారం మళ్లీ అదే వేళకు, అవే మాటలు. ఆ పై శనివారం కూడా. ఎండలు పోయి వానలొచ్చాయి, ఫోను మాత్రం రావడం మానలేదు. ఒకరోజు ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమయ్యా రాఘవేందర్, మెషిన్ చేత ఒక మెసేజ్ పెట్టిస్తే సరిపోదూ? చేత్తో ఫోను చేస్తున్నావు. ఇంతకీ ఇది ఎన్నోసారి?"

అటువైపు కిషన్ బండి దగ్గర గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినబడింది.

"లెక్కపెట్టలే అక్కా" అన్నాడు రాఘవేందర్.

లీలాకుమారి గోడకున్న క్యాలెండరు వైపు చూసింది. ప్రతి శనివారం మీదా ఆమె పెన్సిలుతో పెట్టుకున్న చిన్న టిక్కులున్నాయి. ఇది ఇరవై రెండోసారి. ఆ సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. చెబితే ఎక్కడ గుర్తొచ్చి మెషిన్‌కు అప్పజెప్పేస్తాడోనని, గోంగూర బాగా వచ్చింది, సోమవారం పచ్చడి తెస్తానని చెప్పి ఫోను పెట్టేసింది.